మందుచీటీ రాయని చదువు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులో పరిటాల వచ్చిందని కండక్టరు అరవాల్సిన పన్లేదు. 135 అడుగుల ఆంజనేయుడు దూరం నుంచే కనిపిస్తాడు. 2003లో విగ్రహం వెలిసినప్పటి నుంచీ కిటికీ పక్కన కునుకు తీస్తున్నవాళ్లు కూడా అక్కడికి రాగానే కళ్లు తెరిచి ఓ దండం పెట్టుకుంటారు. ఈ దారికి ఇంకో గుర్తు కూడా ఉంది... ఆకుల మీద పేరుకున్న తెల్లటి దుమ్ము. ఇటు పరిటాల, అటు దొనబండ. కొండను పగలగొట్టి కంకర చేసే క్రషర్లు, ఆ కంకర మోసే టిప్పర్లు.

అక్కడ పనిచేసే ఓ మనిషికి దగ్గు పట్టుకుందనుకుందాం. మొదట ఊళ్లో ఆర్ఎంపీ. తగ్గకపోతే నందిగామ. అక్కడా తగ్గకపోతే విజయవాడ. ఎక్స్‌రే తీస్తారు, మందులు రాస్తారు. ఎవరి పని వారు చేసినట్టే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. అతని పక్కన నిలబడి పనిచేసే పదిమందిలో ఎంతమందికి ఈ దగ్గు ఉంది? రాతిపొడిలోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దెబ్బతిన్న ఊపిరితిత్తిని మళ్లీ మామూలుగా చేసే మందు ఇప్పటికీ లేదు. రాకుండా చూసుకోవాలంతే. నీళ్లు చల్లితే దుమ్ము ఎంత అణుగుతుంది, మాస్కు ఇస్తే ఎండలో ఎంతసేపు పెట్టుకుంటారు, కూలి పోతుందన్న భయంతో దగ్గును దాచిపెట్టేవాళ్లు ఎందరు... ఇవన్నీ లెక్క తీయాలి.

ఆ లెక్కలకో చదువుంది. పేరు ప్రజారోగ్యం. పీజీ పట్టా అయితే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్... అందరూ పిలిచేది ఎంపీహెచ్ అని. రెండేళ్లు.

చిక్కంతా ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడే.

‘‘ఇంకా ఏం చదువుతానంటున్నావే?’’

‘‘ఎంపీహెచ్, మామ్మా.’’

‘‘అది చదివితే పెద్ద డాక్టరు అవుతావా?’’

‘‘అవను.’’

‘‘సూదిమందు వెయ్యవు, చీటీ రాయవు. మరెందుకే తల్లీ?’’

డెంటల్ కాలేజీ నుంచి బయటికొచ్చిన మనవరాలికీ, ఆమె క్లినిక్ ప్రారంభోత్సవానికి ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తున్న పెద్దావిడకీ మధ్య ఇలాంటి మాటలు ఈ మెట్ట ప్రాంతంలో ఏ ఇంట్లో వినిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. హైవే పొడవునా ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు తిరిగే చోటిది. బీటెక్ అంటే తెలుసు, ఎంబీబీఎస్ అంటే తెలుసు. ఈ మధ్యలోది ఏమిటో ఎవరికీ తెలియదు.

ఒకే బెంచీ మీద పది చదువులు

మన దేశంలో ఈ చదువు కొత్తదేం కాదు. కోల్‌కతాలో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ 1932లోనే మొదలైంది. ఎంపీహెచ్ పట్టాకు దారి వేసింది తిరువనంతపురంలోని అచ్యుత మేనన్ కేంద్రం, 1997లో. తెలుగు పిల్లలకు దగ్గరైంది మాత్రం 2008లో హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ వచ్చాకే. అక్కడే సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఎంపీహెచ్ ఉంది. చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థకీ, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థకీ కూడా మనవాళ్లు వెళ్తుంటారు.

ఎంబీబీఎస్ తరగతిలో అందరూ ఒకే దారిన వచ్చినవాళ్లు. బైపీసీ, కోచింగ్, ర్యాంకు. ఎంపీహెచ్ తరగతి అలా ఉండదు. పళ్ల డాక్టరు పక్కన ఆయుర్వేదం చదివినవాడు, అతని పక్కన బీఎస్సీ నర్సింగ్ అమ్మాయి, వెనక బెంచీలో ఫిజియోథెరపిస్టు, పశువుల డాక్టరు, సోషల్‌వర్క్ చదివినావిడ, స్టాటిస్టిక్స్ కుర్రాడు. కొన్నిచోట్ల ఇంజనీర్లకూ సీటిస్తారు. నర్సమ్మకు రోగి తెలుసు గానీ లెక్కలంటే భయం. స్టాటిస్టిక్స్ అబ్బాయికి లెక్కలు తెలుసు గానీ రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒకరి నోట్సు ఒకరు చూసుకోక తప్పదు.

ఎందుకొచ్చారంటే... ఇంటర్వ్యూలో అందరూ ‘సేవ’ అనే అంటారు. క్యాంటీన్‌లో కూర్చున్నాక అసలు సంగతులు బయటికొస్తాయి. బీడీఎస్ అయ్యాక ఎండీఎస్ సీటు అందలేదు, సొంతంగా క్లినిక్ పెట్టాలంటే కుర్చీ ఖరీదే గుండె గుభేల్‌మనిపిస్తుంది. ఫార్మ్-డి అని 2008లో ఆరేళ్ల కోర్సు మొదలైతే ‘పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు’ అన్న మాట నమ్మి చేరినవాళ్లున్నారు... బయటికొచ్చాక ఆస్పత్రుల్లో అన్ని కొలువులు లేవు. ఇక అమెరికా సంగతి చెప్పనే అక్కర్లేదు. మన బీడీఎస్‌తో అక్కడ పన్ను పీకనివ్వరు. ముందు ఎంపీహెచ్‌కి వెళ్లి, చదువుకుంటూనే అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష రాసి, మళ్లీ పళ్ల వైద్యంలోకే మళ్లడం ఎంతోమంది తెలుగు పిల్లలు నడిచిన దారి. కొందరు మాత్రం ‘ఇదేదో బాగుందే’ అని ఇందులోనే ఆగిపోయారు.

దీన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. ఎంబీబీఎస్ చేసినవాళ్లు మాత్రం ఏం తక్కువ? పీజీ కౌన్సెలింగ్‌లో రేడియాలజీ, చర్మవ్యాధులు అయిపోయాక చివర్లో మిగిలే సీట్లలో కమ్యూనిటీ మెడిసిన్ ఒకటి. పరీక్ష ముందురోజు రాత్రి లావుపాటి పార్క్ పుస్తకం తిరగేస్తే చాలనుకునే సబ్జెక్టది. కరోనా వచ్చిన 2020లో మాత్రం దేశమంతా ఆ చివరి బెంచీ సబ్జెక్టు మాటలే మాట్లాడింది. క్వారంటైన్, కాంటాక్టు, పాజిటివిటీ రేటు... టీ బంకు దగ్గర కూడా అవే.

దర్శి ఎద్దులు

ఇన్ని రకాల మనుషులు ఎందుకంటే, జబ్బు ఎప్పుడూ ఆస్పత్రి గుమ్మం నుంచే లోపలికి రాదు కాబట్టి.

దర్శి, పొదిలి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లా. 1930ల్లో అక్కడి రైతులు ముందు గమనించింది మనుషుల్ని కాదు, ఎద్దుల్నంటారు. బయటినుంచి కొనుక్కొచ్చిన గిత్తలు కొన్నేళ్లకే కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోయేవి. అవే నీళ్లు తాగే మనుషుల నడుములూ వంగిపోతున్నాయి. మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరోసిస్ ఉందని వైద్యులు పత్రికలో ప్రకటించింది 1937లో. అంటే వైద్యశాస్త్రం కంటే ముందే కొట్టంలోని పశువు చెప్పిందన్నమాట. ఇప్పుడు పశువైద్యుడికి ఎంపీహెచ్‌లో ఏం పని అని అడిగితే... ఇదే పని.

కనిపెట్టడం ఒక ఎత్తు, నీళ్లు శుభ్రం చేయడం ఇంకో ఎత్తు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడును తీసేసే పద్ధతిని 1970ల్లో రూపొందించింది నాగపూర్‌లోని నీరి సంస్థ. పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన దాని పని. ఆ పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఊరికి రోగం పేరు అంటుకోవడం మామూలే. మందు పేరు అంటుకోవడం అరుదు.

డాక్టర్లు లేరా అంటే ఉన్నారు. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి పెథాలజిస్టు. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. మైక్రోస్కోపు ముందే ఉండిపోవచ్చు. ఆయన హిమాచల్‌లోని కాంగ్రా లోయకు వెళ్లారు. గొంతువాపు జబ్బు అక్కడ ఊరూరా ఉంది. 1956లో మొదలైన ఆ అధ్యయనంలో కొన్ని ఊళ్లకు అయొడిన్ కలిపిన ఉప్పు, మరికొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అయొడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో వాపు తగ్గింది. 1962లో దేశమంతటికీ గొంతువాపు నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఈరోజు వంటింట్లో ఉప్పు డబ్బా మీద ‘అయొడైజ్డ్’ అని ఉందంటే దాని వెనక శ్రీకాకుళం డాక్టరు నడిచిన కొండదారులున్నాయి. ఉస్మానియాలో చదివి ఎయిమ్స్‌లో గుండె వైద్య విభాగాన్ని నడిపిన కె.శ్రీనాథ్‌రెడ్డి కూడా అంతే. గుండెలు చూసే పని పక్కన పెట్టి, 2006లో ఏర్పాటైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా బాధ్యత తీసుకున్నారు. హైదరాబాద్ సంస్థ ఆ ఫౌండేషన్‌దే.

ఏలూరు వీధుల్లో

పాత కథలెందుకు, నిన్నమొన్నటిది చూద్దాం. 2020 డిసెంబరు 5. ఏలూరు వన్‌టౌన్‌లో నడుస్తున్నవాళ్లు నడుస్తున్నట్టే పడిపోయారు. ఫిట్స్, నోట్లో నురగ. కొద్దిరోజుల్లో వందలమంది ఆస్పత్రిలో చేరారు. ఒకరు చనిపోయారు. ఎక్కువమంది కొద్ది గంటల్లోనే తేరుకున్నారు. ఆస్పత్రి తన పని చేసింది. అయితే, ఎందుకిలా?

నీళ్లా? మున్సిపల్ నీళ్లు తాగనివాళ్లూ పడిపోయారు. అంటువ్యాధా? ఇంట్లో ఒకరికి వస్తే పక్కనున్నవారికి రాకుండా ఉంటోంది. పాలా, కూరగాయలా, గాలా? ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నాగపూర్ నీరి... ఇందరు దిగారు. రక్తం తీసినవారు కొందరైతే టమాటాలూ వంకాయలూ ఏరుకెళ్లినవారు కొందరు. ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి. చివరికి నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది మాత్రం తేటతెల్లం కాలేదు. డాక్టరు, కెమిస్టు, ఆహార శాస్త్రవేత్త, నీళ్ల ఇంజనీరు... వీళ్లలో ఏ ఒక్కరితోనూ తేలే లెక్క కాదది.

అంతదూరం కూడా వెళ్లక్కర్లేదు. తిరువూరు వైపు ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. భూగర్భజలం మీద అనుమానంతో కృష్ణా నీళ్లు పంపే ఏర్పాట్లు చేశారు. శ్రీకాకుళం ఉద్దానంలోనూ అదే గోడు. అక్కడ 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఎందుకొస్తోందో ఒక్కమాటలో చెప్పగలిగినవారు ఇప్పటికీ లేరు.

ఇలాంటిచోట సర్వే అంటే ఫారం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడమే. ఏ బోరు నీళ్లు తాగారు, ఎన్నేళ్లు తాగారు, ఎండలో ఎన్ని గంటలు పనిచేస్తారు, ఒళ్లునొప్పుల బిళ్లలు ఎన్ని వేసుకుంటారు... ఈ చివరి ప్రశ్నకు ప్యాంటూ చొక్కా వేసుకుని పట్నం నుంచి వచ్చిన మనిషి అడిగితే ‘ఎప్పుడైనా ఒకటి’ అంటారు. నొప్పి బిళ్లలు ఎడాపెడా వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి కాబట్టి ఆ ‘ఎప్పుడైనా’ అంటే ఎన్నో తెలియాలి. అదే ప్రశ్న తండాలో పుట్టి, నర్సింగ్ చదివి, లంబాడీలో పలకరించే అమ్మాయి అడిగితే? గూట్లోంచి బిళ్లల అట్ట తీసి చేతిలో పెడతారు. ఆ అమ్మాయి పుట్టుకే ఆమె అర్హత. ఏ ప్రవేశపరీక్షలోనూ దానికి మార్కుల్లేవు.

ఈ హైవే మీద ఒకప్పుడు హెచ్ఐవీ భయం కూడా తక్కువేం కాదు. లారీ డ్రైవర్లతో, వాళ్ల భార్యలతో కూర్చుని మాట్లాడాల్సి వచ్చినప్పుడు ముందుకొచ్చింది సోషల్‌వర్క్, సైకాలజీ చదివిన కౌన్సెలర్లు. విజయవాడలో వాసవ్య మహిళా మండలి లాంటి సంస్థలు ఇళ్లకే వెళ్లి బాధితుల్ని చూసుకున్నాయి. అలాంటి పనిలో కొన్నేళ్లు తిరిగాక ఎంపీహెచ్‌కి వచ్చేవారుంటారు. పాఠం వాళ్లకు ముందే వచ్చు. దాని పేరు తెలుసుకోవడానికి వస్తారు.

కొలువు మాటేమిటి?

మామ్మ అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు ఎంపీహెచ్‌కు ప్రత్యేక కౌన్సిల్ లేదు. ఎంబీబీఎస్ లేకుండా జిల్లా వైద్యాధికారి కుర్చీ దొరకదు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే. స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనల్లో పని ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. పెళ్లిచూపుల్లో ‘పర్మనెంటా?’ అంటే తల అడ్డంగా ఊపాల్సిందే. ప్రతి రాష్ట్రంలోనూ ప్రజారోగ్య నిర్వహణకు ప్రత్యేక కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసింది. పక్కనున్న తమిళనాడులో ప్రజారోగ్యానికి విడి డైరెక్టరేటు, దానికంటూ అధికారులు ఎప్పట్నుంచో ఉన్నారు.

విచిత్రమేమిటంటే ఆ తమిళనాడు, మన కోస్తా ఒకే చట్టం కింద మొదలయ్యాయి... 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. కోస్తా అంతటా అమలైన ఆ చట్టం పరిటాలకు మాత్రం వర్తించలేదు. చుట్టూ బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా ఉన్నా, వజ్రాల గనుల పుణ్యమా అని పరిటాల, దాని చుట్టూ కొన్ని ఊళ్లు 1948 దాకా నిజాం చేతిలోనే ఉన్నాయి. కంచికచర్లలో కలరా వస్తే ఒక సర్కారు, పరిటాలలో వస్తే ఇంకో సర్కారు. ఈగకు ఆ పొలిమేర ఎవరు చూపించారో!

కాబట్టి చేరాలనుకునే పిల్లలు రెండు సంగతులు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. కోర్సులో ఊళ్లలో తిరిగే రోజులెన్ని? బయటికొచ్చిన పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు? ఈ రెండిటికీ సూటిగా జవాబు చెప్పలేని కాలేజీకి ఫీజు కట్టేముందు ఆలోచించుకోవాలి.

ఇక మామ్మ మొదటి సందేహం. బీడీఎస్ చేసిన మనవరాలి పేరు ముందు డాక్టర్ ఎలాగూ ఉంటుంది. ఆమెతోపాటు చదివే సోషల్‌వర్క్ అమ్మాయికి ఉండదు. ఫారాలు పట్టుకుని ఇద్దరూ ఏ ఊరికి వెళ్లినా అరుగు మీద కూర్చున్న పెద్దాయన మాత్రం ఇద్దరికీ కలిపి చెయ్యి చాపుతాడు. ‘‘డాక్టరమ్మా, కాస్త బీపీ చూడు.’’