ప్రెస్‌నోట్ దాటి చూస్తేనే వార్త

2020 మే 16. విశాఖపట్నంలో నడిరోడ్డు మీద ఒంటి మీద చొక్కా లేని ఒక మనిషిని పోలీసులు చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. ఆ వీడియో చూడని తెలుగువాడు లేడు. ఆయన నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టర్‌గా పనిచేసిన సుధాకర్. దళితుడు. కరోనా మొదలైన రోజుల్లో, ఏప్రిల్‌లో, డాక్టర్లకు మాస్కులు ఇవ్వడం లేదని బహిరంగంగా అన్నందుకు ఆయన్ని సస్పెండ్ చేశారు. రోడ్డు మీద తాగి గొడవ చేశాడని పోలీసులు చెప్పారు. అక్కడి నుంచి మానసిక ఆస్పత్రికి తీసుకెళ్లారు. ప్రతిపక్షంలో ఉన్న వంగలపూడి అనిత రాసిన లేఖను, వీడియోను చూసి హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మే 22న విచారణను సీబీఐకి అప్పగించింది. 2021 మేలో సుధాకర్ గుండెపోటుతో చనిపోయారు.

ఆ రోజుల్లో చానళ్లు మార్చి మార్చి చూసినవాళ్లకు ఇద్దరు సుధాకర్లు కనిపించారు. ఒకరు తాగుబోతు, మతి తప్పినవాడు, ప్రతిపక్షం ఆడించే బొమ్మ. ఇంకొకరు ప్రభుత్వ నిరంకుశత్వానికి బలైన డాక్టరు. తెలుగు రాష్ట్రాల్లో ఏ పేపరు ఏ పార్టీదో బడిపిల్లాడికి కూడా తెలుసు కాబట్టి చాలామంది ఒక ఉపాయం కనిపెట్టారు: రెండు పేపర్లూ చదివి మధ్యలో ఎక్కడో నిజం ఉంటుందని సరిపెట్టుకోవడం. విద్యార్థి మిత్రులు కూడా నాతో ఇదే అంటుంటారు. ఈ ఉపాయం పనికిరాదు. రెండు పార్టీల కొట్లాటలో లేని విషయం రెండు పేపర్లలోనూ ఉండదు. నర్సీపట్నం ఆస్పత్రికి ఆ నెలలో ఎన్ని మాస్కులు వచ్చాయి, ఎవరికి ఇచ్చారు అన్న ప్రశ్న ఆ గోలలో కింద పడిపోయింది. ఒక ప్రభుత్వ డాక్టరును నడిరోడ్డు మీద అలా కట్టేయడానికి ఒక కానిస్టేబుల్‌కి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది, ఆయన కులం వేరే అయితే ఆ చెయ్యి లేచేదా అన్న ప్రశ్నను అడిగింది దళిత సంఘాలే.

నమ్మదగిన వార్తను వెతకడం అంటే నమ్మదగిన పేపరును వెతకడం కాదు. ముందు అడగాల్సింది, ఈ వార్తకు మొదటి మాట ఎవరిది అని. మన మీద జరిగే దాడుల విషయంలో ఆ మొదటి మాట తొంభై పాళ్లు పోలీసు స్టేషన్‌ది. మండల విలేకరికి జీతం ఉండదు, ఉంటే గింటే లైన్ అకౌంట్ కింద వచ్చే నాలుగు రూకలు. పైగా యాడ్స్ టార్గెట్ ఉంటుంది. పండక్కీ, నాయకుడి పుట్టినరోజుకీ యాడ్ ఇచ్చేది ఊళ్లో పెద్ద కులాల వాళ్లే. సీఐ ప్రెస్‌నోట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది, అదే కొంచెం అటూ ఇటూ మార్చి అన్ని జిల్లా పేజీల్లోనూ వస్తుంది. మర్నాడు నాలుగు పేపర్లు తిరగేసి 'అందరూ ఒకటే రాశారు కాబట్టి నిజమే' అనుకుంటాం. నాలుగు పేపర్లకూ నోరు ఒక్కటే. దళితుల మీద దాడి 'ఇరువర్గాల ఘర్షణ' అయ్యేది ఇక్కడే. ఈ మాట మీద ఒక పీహెచ్‌డీ చెయ్యొచ్చు. కొట్టినవాడూ తిన్నవాడూ ఒకే వాక్యంలో సమానమైపోతారు.

ఖైర్లాంజీ తీసుకోండి. 2006 సెప్టెంబర్ 29న మహారాష్ట్ర భండారా జిల్లాలో భోత్‌మాంగే కుటుంబంలో నలుగురిని చంపారు: తల్లి సురేఖ, కూతురు ప్రియాంక, కొడుకులు రోషన్, సుధీర్. మొదట వచ్చిన వార్తల్లో అది అక్రమ సంబంధం మీద ఊరి జనం కోపం. భూమి సంగతి లేదు, కులం సంగతి లేదు. జాతీయ మీడియా నెల రోజులకు పైగా పట్టించుకోలేదు. నిజనిర్ధారణకు వెళ్లినవాళ్ల నివేదికలు, చేతులు మారిన ఈమెయిళ్లు, నవంబర్‌లో నాగ్‌పూర్ వీధుల్లోకి వచ్చిన దళితులు, వీళ్ల వల్ల అది వార్త అయింది. కోర్టులు శిక్షలు వేశాయి గానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం వర్తించదన్నాయి. మొదటి రోజు కులం పేరెత్తని కథనానికీ చివరి రోజు కులం కనిపించని తీర్పుకీ సంబంధం లేదని నేననుకోను.

హత్రాస్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. 2020 సెప్టెంబర్ 14న పొలంలో దాడికి గురైన 19 ఏళ్ల అమ్మాయి 29న ఢిల్లీలో చనిపోయింది. ఆ అర్ధరాత్రి ఇంటివాళ్లను దగ్గరికి రానివ్వకుండా పోలీసులే శవాన్ని కాల్చేశారు. ఆ మంటను కెమెరాలో పట్టుకుని, ఏం కాలుస్తున్నారని పోలీసులను అడిగిన విలేకరి అక్కడ లేకపోతే, కుటుంబం ఇష్టప్రకారమే అంత్యక్రియలు జరిగాయన్న అధికారుల మాటే చరిత్ర అయ్యేది. ఆ తర్వాత ఫోరెన్సిక్ నివేదికలో వీర్యం ఆనవాళ్లు లేవు కాబట్టి అత్యాచారం జరగలేదని ఉత్తరప్రదేశ్ పోలీసు ఉన్నతాధికారి ప్రకటించాడు. శాంపిళ్లు తీసింది దాడి జరిగిన 11 రోజులకు. 2013 తర్వాత చట్టం ప్రకారం అత్యాచారానికి వీర్యం ఆధారం అక్కర్లేదు. ఈ రెండు సంగతులూ పక్కన పెడితే ఆ ప్రకటన 'సైంటిఫిక్' వార్త. పక్కన పెట్టకపోతే అది ప్రెస్‌నోట్. సీబీఐ ఆ డిసెంబర్‌లో సామూహిక అత్యాచారం, హత్య అభియోగాలతో చార్జిషీటు వేసింది. 2023 మార్చి 2న ప్రత్యేక కోర్టు నలుగురిలో ఒక్కడికే, అదీ హత్య కిందకి రాని మరణానికి, ఎస్సీ ఎస్టీ చట్టం కింద శిక్ష వేసి, ముగ్గురిని వదిలేసింది. అత్యాచారం రుజువు కాలేదంది. ఈ తీర్పును ఒప్పుకోకపోవచ్చు, కానీ హత్రాస్ గురించి రాసే ప్రతి ఒక్కరూ దీన్ని కూడా చెప్పాలి.

ఆ ఊరికి బయల్దేరిన మలయాళీ జర్నలిస్టు సిద్దిఖ్ కప్పన్‌ను 2020 అక్టోబర్ 5న మథుర దగ్గర ఆపారు. ఉపా కేసు. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చినా మనీలాండరింగ్ కేసు అడ్డం పడి 2023 ఫిబ్రవరి 2 దాకా జైల్లోనే ఉన్నాడు. దాదాపు 28 నెలలు. పత్రికా స్వేచ్ఛ అనగానే మనవాళ్లు చాలామంది 'అది యజమానుల గొడవ, అగ్రకుల ఎడిటర్ల గొడవ' అని తీసిపారేస్తారు. ఆ చిరాకు నాకూ అర్థమవుతుంది. కానీ కప్పన్ వెళ్తున్నది ఎక్కడికి? ఒక వాల్మీకి ఇంటికి. దారిలో ఆగిపోయింది అతని హక్కు ఒక్కటే కాదు, ఆ ఇంటివాళ్ల మాట కూడా.

ఇక్కడ మన రెండు రాష్ట్రాల సంగతి కూడా చెప్పుకోవాలి. 2007లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం 938 అనే జీవో, 2019 అక్టోబర్‌లో జగన్ ప్రభుత్వం 2430 జీవో తెచ్చాయి. తప్పుడు వార్తల పేరుతో పత్రికల మీద కేసులు పెట్టే అధికారం అధికారుల చేతికి ఇవ్వడమే వాటి సారాంశం. 2025 మార్చిలో, కాంగ్రెస్ పాలిస్తున్న తెలంగాణలో, ముఖ్యమంత్రిని తిడుతూ ఒకాయన మాట్లాడిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. అదే ఏడాది జూన్‌లో, తెలుగుదేశం కూటమి పాలిస్తున్న ఆంధ్రలో, టీవీ చర్చలో గెస్టు మహిళలను కించపరుస్తూ చేసిన నీచమైన వ్యాఖ్యకు యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేస్తే సుప్రీంకోర్టు విడుదల చేయమంది. ఇందులో ప్రతి అరెస్టుకూ ఒక పార్టీ చప్పట్లు కొట్టింది, ఇంకో పార్టీ ప్రజాస్వామ్యం గురించి మాట్లాడింది. అధికారం మారినప్పుడల్లా ఆ రెండు పాత్రలూ మారతాయి. రిపోర్టర్స్ వితవుట్ బోర్డర్స్ సూచీలో 2025లో భారత్ 180 దేశాల్లో 151వ స్థానంలో ఉంది. ఆ ర్యాంకు మీద వాదనలు ఉండొచ్చు, ఈ అరెస్టుల మీద వాదన లేదు. ఏది అబద్ధమో తానే తేల్చే ఫ్యాక్ట్‌చెక్ యూనిట్ పెట్టుకోవాలని కేంద్రం 2023లో ఐటీ రూల్స్ మార్చింది. 2024 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు ఆ మార్పును కొట్టేసింది. అది నిలిచి ఉంటే హత్రాస్ లాంటి ఘటనలో పోలీసుల మాటే అధికారిక నిజం, బాధితుల మాట తొలగించాల్సిన పోస్టు.

ఇంతవరకూ పైవాళ్ల అబద్ధాలు. మన ఫోన్ల సంగతి కూడా చూద్దాం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో, ఏప్రిల్ చివర, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు ఎత్తేస్తామని అమిత్ షా అన్నట్టున్న వీడియో మన గ్రూపుల్లో తిరిగింది. అది కత్తిరించి అతికించినది. 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలో ఆయన ఎత్తేస్తామన్నది ముస్లిం రిజర్వేషన్‌ను. అది కూడా ఖండించాల్సిన మాటే, కానీ వేరే మాట. సభ మొత్తం వీడియో యూట్యూబ్‌లో ఉంది, పది నిమిషాల పని. 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా, ప్రభుత్వ సంస్థల అమ్మకం, నిండని బ్యాక్‌లాగ్ పోస్టులు, వీటితో రిజర్వేషన్ ఎలా కరిగిపోతోందో చెప్పడానికి మనకు దొంగ వీడియో ఎందుకు? పైగా ఆ వీడియో పేరుతో ఢిల్లీ పోలీసులు హైదరాబాద్ దాకా వచ్చిన వేగం చూశారు కదా. దళితుల మీద విషం కక్కే వీడియోల వెనక ఆ వేగం ఎప్పుడైనా చూశామా?

వర్గీకరణ తీర్పు ఇంకా మంచి ఉదాహరణ. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఎస్సీల్లో ఉపవర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ చట్టం మీద 2004లో వచ్చిన చిన్నయ్య తీర్పును పక్కన పెట్టింది. మొత్తం 565 పేజీలు, ఆరు వేర్వేరు అభిప్రాయాలు. సాయంత్రానికల్లా 'ఎస్సీలకు క్రీమీలేయర్' అని స్క్రోలింగులు, పోస్టులు. క్రీమీలేయర్ గురించి నలుగురు న్యాయమూర్తులు మాట్లాడిన మాట నిజం. కానీ ధర్మాసనం ముందున్న ప్రశ్న అది కాదు, కాబట్టి అది ఆదేశం కాదు. ఆగస్టు 9న కేంద్ర కేబినెట్ కూడా ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ లేదని చెప్పింది. ఈలోపు మాల గ్రూపుల్లో ఒక తీర్పు, మాదిగ గ్రూపుల్లో ఇంకో తీర్పు చదివారు. తెలంగాణ చట్టం 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతం పంచి 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని సమర్థించే మిత్రులూ వ్యతిరేకించే మిత్రులూ నాకున్నారు. ఏ కులం ఏ గ్రూపులో ఉందో జాబితా చూడకుండా వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఆ జాబితా గెజిట్‌లో ఉంది.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2023లో ఎస్సీల మీద నేరాలు 57,789 అని ఎన్‌సీఆర్‌బీ లెక్క. అవి జరిగిన దాడులు కాదు, స్టేషన్లో రాసుకున్న కేసులు. కేసు కట్టించుకోవడానికే ధర్నా చేయాల్సిన చోట అంకె తగ్గితే అది మంచి వార్తేనా? అలాగే కేసు కొట్టేస్తే 'తప్పుడు కేసు' అని రాస్తారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఎన్‌సీఆర్‌బీ పట్టికలో ఆ హైకోర్టు తీర్పు ఒక 'అక్విటల్' మాత్రమే. ఎనిమిది సమాధులు అక్కడే ఉన్నాయి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఎస్సీ ఎస్టీ చట్టాన్ని నీరుగార్చినప్పుడు దుర్వినియోగం వాదన నిలబడింది ఇలాంటి అంకెల మీదే. పార్లమెంటు చట్టం సవరించి, 2019లో కోర్టే ఆ ఆదేశాలు వెనక్కి తీసుకున్నా ఆ వాదన మాత్రం టీవీల్లో చావలేదు.

కాబట్టి ఏదైనా దాడి వార్త వస్తే షేర్ కొట్టేముందు ఎఫ్ఐఆర్ కాపీ సంపాదించండి. ఫిర్యాదుదారుకి అది ఉచితంగా ఇవ్వాలి. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో అట్రాసిటీ సెక్షన్లు ఉన్నాయా, ఏ సెక్షన్లు, దర్యాప్తు డీఎస్పీకి ఇచ్చారా లేక ఎస్సై చేతిలోనే ఉందా చూడండి. ఘటన జరిగిన టైముకీ ఎఫ్ఐఆర్ టైముకీ మధ్య ఎన్ని గంటలున్నాయో చూస్తే చాలాసార్లు అసలు కథ అక్కడే దొరుకుతుంది. వాడకు ఫోన్ చేయండి, ఒక్కరికి కాదు ముగ్గురికి, వీలైతే ఆడవాళ్లకు. బాధితురాలి పేరు, ఫొటో మాత్రం పెట్టొద్దు, అది నేరం కూడా. హత్రాస్ అమ్మాయి అంటూ దేశమంతా తిప్పింది వేరే మహిళ ఫొటో. చనిపోయిన ఆ మహిళ భర్త ఆ ఫొటో తీయించడానికి ఢిల్లీ హైకోర్టుకు ఎక్కాల్సి వచ్చింది. అది తిప్పినవాళ్లలో ఎక్కువమంది న్యాయం కోరినవాళ్లే.

న్యూస్‌రూముల్లో మనవాళ్లు లేకపోవడం పాత సంగతే. 1996లో పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకలేదని రాశారు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ చూసిన 121 నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాలవి, ఎస్సీ ఎస్టీలవి సున్నా. 1920 జనవరి 31న అంబేడ్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు తిలక్ 'కేసరి' దాని ప్రకటన డబ్బులిస్తామన్నా వేయలేదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాల్సి వచ్చిందీ, కారంచేడు తర్వాత బొజ్జా తారకం 'నలుపు' నడపాల్సి వచ్చిందీ అందుకే. మన మీడియా మనది కాబట్టి తప్పు రాయదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఖబర్ లహరియా దళిత మహిళలకు పేరొచ్చింది వాళ్లు దళితులైనందుకు కాదు, ఊరికి వెళ్లి అడిగి వచ్చినందుకు.

ఆ అడగడమే ఇప్పుడు కష్టమవుతోంది. డిజిటల్ డేటా చట్టంలోని సెక్షన్ 44(3) సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. 2025 నవంబర్‌లో రూల్స్‌తో పాటు ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇదే క్లాజు కింద ఇవ్వాలి. ఇప్పుడు వ్యక్తిగతం అంటే చాలు, తిప్పి పంపొచ్చు. అట్రాసిటీ కేసులో పరిహారం ఏ తేదీన ఎంత ఇచ్చారు, దర్యాప్తు చేసిన డీఎస్పీ ఎన్నిసార్లు మారాడు, మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీకి ఎవరెవరు వచ్చారు, ఇవన్నీ 'వ్యక్తిగతం' అయిపోతాయి. సెక్షన్ 8(2) మాత్రం ఇంకా మిగిలి ఉంది: దాచడం వల్ల కలిగే మేలు కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చు. ఇకనుంచి వేసే ప్రతి దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు, ఆ ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో, మొదటే రాసి పెట్టండి. పేర్లు అడగొద్దు, తేదీలూ మొత్తాలూ మండలాలవారీగా అడగండి. తిరస్కరిస్తే మొదటి అప్పీలుకు 30 రోజుల గడువుంది.