ఓనర్ థమ్సప్ కొడితే నోటీసు ఇచ్చినట్టు కాదు

పోస్టు కాస్త పెద్దది. ఇల్లు మారదామనుకుంటున్నవాళ్లు, సెలవులకి ఇండియా వెళ్తున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మా జేబుకి చిల్లు పడ్డాక నేర్చుకున్న సంగతి ఇది.

మేం ముగ్గురం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. కాంట్రాక్టులో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఒకరికి వేరే ఊళ్లో పని దొరికింది, మిగతా ఇద్దరం చిన్న ఇల్లు చూసుకున్నాం. జనవరి 2న ఓనర్‌కి వాట్సాప్‌లో "మార్చి ఆఖరుకి ఖాళీ చేస్తాం" అని మర్యాదగా మెసేజ్ పెట్టాం. ఆయన థమ్సప్ కొట్టాడు. మన లెక్కలో పని అయిపోయింది. మార్చి మొదటి వారంలో తాళాలు ఎప్పుడివ్వాలని అడిగితే, "మీ నోటీసు నాకు రాలేదు కదా" అన్నాడు. గుండె జారింది. ఉత్తరం రాసి, ముగ్గురం సంతకాలు చేసి, మార్చి 6న ఆయన పోస్టు డబ్బాలో వేశాం. అప్పటికే ఆ నెల మూడో పనిదినం దాటిపోయింది. కాంట్రాక్టు జూన్ 30 దాకా సాగింది. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ రెండిళ్లకి అద్దె కట్టాం. నైట్ షిఫ్టుల్లో దాచుకున్నదంతా అందులోనే పోయింది.

ఆయన్ని తిట్టుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది, తప్పు మాదే. ఇక్కడి సివిల్ కోడ్‌ని బీజీబీ అంటారు. అందులో 568వ సెక్షన్ ప్రకారం ఇంటి కాంట్రాక్టు రద్దు చేసే నోటీసు, అంటే ఇక్కడివాళ్లు క్యుండిగుంగ్ అనేది, రాతపూర్వకంగా ఉండాలి. కాగితం మీద చేత్తో సంతకం పెట్టాలి. వాట్సాప్, మామూలు ఈమెయిల్, స్కాన్ చేసిన పీడీఎఫ్ చెల్లవు. కాంట్రాక్టులో ముగ్గురుంటే ముగ్గురూ సంతకం పెట్టాలి. 573సి సెక్షన్ ప్రకారం నెలలో మూడో పనిదినం లోపు అవతలివాళ్లకి చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. మనం పోస్టు చేసిన రోజు కాదు, వాళ్లకి చేరిన రోజే లెక్క. జనవరి 2న ఆ మెసేజ్ బదులు కాగితం చేరి ఉంటే మార్చి 31కే అయిపోయేది.

ఇద్దరూ ఒప్పుకుని కాంట్రాక్టు ముందే ముగించుకోవచ్చు కదా అని అడగొచ్చు. ముగించుకోవచ్చు. కానీ ఒక్క థమ్సప్ ఒప్పందం కిందికి వస్తుందా రాదా అని కోర్టులో తేల్చుకునే ఓపిక, డబ్బు మనలో ఎంతమందికి ఉన్నాయి?

గ్రూపుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "వీళ్లకి కాగితాల పిచ్చి, మనలాంటోళ్లని ఏడిపించడానికే ఇదంతా." మేమూ అదే అనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఈ కాగితమే మనకి రక్ష.

మన దగ్గర ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓనర్ ఆంటీ మెట్ల మీద కనబడి "మా అబ్బాయి వస్తున్నాడు, నెలాఖరుకి వేరే చూసుకోండి" అంటే మారుమాట లేకుండా సామాన్లు సర్దుకునేవాళ్లం. నిజానికి అక్కడా చట్టం ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే నెలవారీ అద్దెకి 15 రోజుల ముందు సంతకంతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కళ్లతో చూసినవాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా?

ఇక్కడ ఓనర్ ఫోన్‌లో "వచ్చే నెల వెళ్లిపోండి" అంటే అది చెల్లదు. మామూలు అద్దె ఇల్లయితే కాగితం మీద కారణం కూడా రాయాలి. తనకో తనవాళ్లకో ఇల్లు కావాలంటే ఎవరికి, ఎందుకు అన్నది చెప్పాలి. మామూలుగా మూడు నెలల గడువివ్వాలి. మనం ఐదేళ్లు ఉంటే ఆరు నెలలు, ఎనిమిదేళ్లు ఉంటే తొమ్మిది. కాన్పు దగ్గరపడింది, జబ్బు చేసింది లాంటి గట్టి ఇబ్బంది ఉంటే, గడువు ముగియడానికి రెండు నెలల ముందు వరకు అభ్యంతరం చెప్పొచ్చు. జర్మన్ సరిగ్గా రానివాణ్ణి మాటలతో బెదిరించడం తేలిక. కాగితాన్ని మాత్రం తీసుకెళ్లి తెలిసినవాళ్లతో చదివించుకోవచ్చు.

కానీ ఈ రక్షణ పనిచేయాలంటే మన పోస్టు డబ్బా సరిగ్గా ఉండాలి. ఇక్కడ అడ్రస్‌లో మామూలుగా ఫ్లాట్ నంబర్ ఉండదు, పోస్ట్‌మన్ డబ్బా మీద పేరు చూసి వేస్తాడు. మన పేర్ల సంగతి తెలిసిందే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, పాస్‌పోర్టులో మరోలా. కాంట్రాక్టులో ఉన్న పేరే డబ్బా మీద పెట్టండి. ఇంట్లో ఉన్న అందరి పేర్లూ పెట్టండి.

ఇండియా వెళ్లేటప్పుడు డబ్బా తాళం నమ్మకమైనవాళ్లకి ఇచ్చి వెళ్లండి. ఉత్తరం డబ్బాలో పడితే మనకి అందినట్టే లెక్క. మనం ఊళ్లో చెల్లి పెళ్లి పనుల్లో ఉన్నా గడువు ఆగదు. పసుపు కవరు వస్తే ఇంకా జాగ్రత్త. కోర్టు కాగితాలు అందులోనే వస్తాయి, అందిన తేదీ కవరు మీద రాసి ఉంటుంది. ఖాళీ చేయించే కేసులో, వాదించుకుంటామని కోర్టుకి తెలియజేయడానికి చాలాసార్లు రెండు వారాలే టైం. నోరు మెదపకపోతే మన వాదన వినకుండానే తీర్పు రావచ్చు. "రిజిస్టర్ పోస్టు తీసుకోకు, అందనట్టే లెక్క" అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. ఓనర్ సాక్షిని తీసుకొచ్చి డబ్బాలో వేయొచ్చు, కోర్టు అమీను ద్వారా కూడా పంపొచ్చు.

మనం నోటీసు ఇచ్చేటప్పుడు మేం ఇప్పుడు చేసేది ఇది. రెండు కాపీలు తీసి అందరం సంతకం పెడతాం. ఒకటి ఓనర్‌కి చేతికిచ్చి, రెండోదాని మీద "అందింది" అని తేదీతో సంతకం తీసుకుంటాం. ఆయన దొరక్కపోతే, కాంట్రాక్టులో లేని ఫ్రెండ్ ఆ ఉత్తరం చదివి, కవరులో పెట్టి, తన చేత్తోనే డబ్బాలో వేసి, తేదీ, టైం రాసి సంతకం పెడతాడు. రేపు గొడవైతే అతనే సాక్షి.

చివరిగా ఒక చేదు మాట. మనోళ్లే ఫ్లాట్ తీసుకుని, కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి గదులు ఇస్తున్నారు. గొడవైతే "ఆదివారం కల్లా వెళ్లిపో" అని వాయిస్ మెసేజ్. కాగితం అడిగితే "మనోళ్లమే కదా, ఎందుకు?" అంటారు. తాము ఉంటున్న ఫ్లాట్‌లోనే ఫర్నిచర్‌తో ఇచ్చిన గదికి గడువు తక్కువే, 15వ తేదీ లోపు నోటీసు చేరితే ఆ నెలాఖరుకి ఖాళీ చేయమనొచ్చు. కానీ అక్కడా సంతకం ఉన్న కాగితం కావాల్సిందే. జర్మన్ ఓనర్ దగ్గర చట్టం కావాలి, మన తమ్ముడి దగ్గర అక్కర్లేదు అంటే న్యాయం కాదు. మనోళ్లని రోడ్డు మీద నిలబెట్టకపోవడమే మనోళ్లతనం.

మేం లాయర్లం కాదు. నోటీసు వస్తే భయపడి దాచేయకుండా ఆ వారంలోనే మీ ఊళ్లో ఉన్న మీటర్‌ఫెరైన్‌కి, అంటే అద్దెదారుల సంఘానికి తీసుకెళ్లండి. సభ్యత్వానికి డబ్బు కట్టాలి, కానీ మేం కట్టిన మూడు నెలల అద్దె ముందు అది ఏపాటి? ఈ రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు మీ డబ్బా మీద పేరు ఒకసారి చూసుకోండి.