తొమ్మిదో తరగతిలో వాలీబాల్ మాన్పించకండి



జూన్‌లో బడి తెరవగానే మన పోతిరెడ్డిపల్లి బ్రాంచి వాలీబాల్ కోర్టు బోసిపోతుంది. ఎనిమిదో తరగతి దాకా పోటీపడి ఆడిన అమ్మాయిల్లో చాలామంది తొమ్మిదికి రాగానే కనిపించరు. అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. "ఫౌండేషన్ క్లాసులున్నాయి మేడం." "ఎండకు నల్లబడుతున్నానని నానమ్మ తిడుతోంది మేడం." "పెద్దపిల్లవయ్యావు, ఇక చాలన్నారు నాన్న." పేరెంట్స్ మీటింగ్‌లో మీరు అడిగేది మాత్రం ఒకటే: వాలీబాల్ ఆడితే ఏమొస్తుంది మేడం?

న్యాయమైన ప్రశ్నే. ఫీజు కట్టేది మీరు. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్‌లో మన హైదరాబాద్ బ్లాక్ హాక్స్ జట్టు ఉంది. కానీ అది మగవాళ్ల లీగ్. మన దేశంలో అమ్మాయికి వాలీబాల్‌తో బతుకుతెరువు అంటే ముఖ్యంగా ఉద్యోగమే, అందులోనూ రైల్వే. నెల జీతం రైల్వేది, ఆట రైల్వే జట్టుకు.

సింధు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లమ్మ పి. విజయ గారి గురించి ఎంతమందికి తెలుసు? ఆమె జాతీయ స్థాయి వాలీబాల్ క్రీడాకారిణి, రైల్వేలో పనిచేశారు. నాన్న పి.వి. రమణ గారిదీ అదే ఆట, అదే రైల్వే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆయన ఆడారు, 2000లో అర్జున అవార్డు అందుకున్నారు. రమణ గారి ఆట గురించి వెతికితే సంవత్సరాలతో సహా దొరుకుతుంది. విజయ గారి దగ్గరికొచ్చేసరికి "సింధు తల్లి కూడా వాలీబాల్ ఆడేవారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. తెల్లవారకముందే పిల్లను ప్రాక్టీసుకు పంపడం ఎందుకో ఆ ఇంట్లో ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని ఉండి ఉండదు. అందులో ఆ తల్లి ఆడిన ఆటకు వాటా లేదంటారా?

అలాగని మీకు ఆశలు పెట్టను. బడి సర్టిఫికెట్ చూపిస్తే రైల్వే ఉద్యోగం ఇవ్వరు. రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడిన రికార్డు ఉండాలి, ట్రయల్స్‌లో నిలవాలి. చాలామంది అంత దూరం వెళ్లరు. అయితే స్కూల్ గేమ్స్‌లో అండర్-14 దాటి అండర్-17లో అడుగుపెట్టేది సరిగ్గా ఈ తొమ్మిది, పది తరగతుల్లోనే. మనం మాన్పిస్తున్నదీ అప్పుడే. అంటే పిల్ల ఎంత దూరం వెళ్లగలదో తేలకముందే తీర్పు చెప్పేస్తున్నాం.

మీలో చాలామంది పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తారు. మీకు ఒక ఫ్యాక్టరీ జట్టు గురించి చెప్పాలి. ఒలింపిక్స్‌లో వాలీబాల్‌ను మొదటిసారి పెట్టింది 1964 టోక్యోలో. అక్కడ మహిళల స్వర్ణం గెలిచిన జపాన్ జట్టులో దాదాపు అందరూ ఒసాకా దగ్గర కైజుకాలోని నిచిబో నూలు మిల్లు ఉద్యోగులే. పగలు మిల్లులో పని, ఆ తర్వాత రాత్రి పొద్దుపోయేదాకా సాధన. చివరి మ్యాచ్‌లో సోవియట్ జట్టును 3-0తో ఓడించారు. కెప్టెన్ మసాయె కసాయికి అప్పటికి 31 ఏళ్లు. పెళ్లి సంగతేమిటన్న మాట అక్కడా వచ్చింది. ఆమె ఆట ముగించాక పెళ్లి చేసుకుంది. వాళ్ల కోచ్ పద్ధతులు నాకు నచ్చవు. పిల్లల్ని అంతసేపు నేలమీద దొర్లించడం మన దగ్గర కుదరదు, కుదరకూడదు కూడా. కానీ మిల్లు జీతమిచ్చి ఆడించింది చూడండి, మన రైల్వే చేస్తున్నదీ అదే.

"మా అమ్మాయి పొట్టి కదా" అనేవాళ్లకు ఒక మాట. టర్కీ లీగ్‌లో ఏళ్ల తరబడి ఆడిన కొరియా క్రీడాకారిణి కిమ్ యోన్ క్యుంగ్ ఎత్తు 192 సెంటీమీటర్లు. ఆమె కూడా చిన్న తరగతుల్లో పొట్టిపిల్లే. ఎత్తు పెరిగింది హైస్కూల్లో. అప్పటిదాకా బంతి తీయడం, పాస్ ఇవ్వడం నేర్చుకుంది కాబట్టి ఆ తర్వాత అన్నీ ఆడగలిగింది.

తప్పంతా మీదే అనను. తొమ్మిది నుంచి గేమ్స్ పీరియడ్‌ను రివిజన్‌కు ఇచ్చేస్తున్నది మేమే. స్టాఫ్ రూమ్‌లో ఈ వాదనలో నేను ఏటా ఓడిపోతున్నాను. మీలో పదిమంది ప్రిన్సిపాల్ గారిని అడిగితే ఆ పీరియడ్ వెనక్కి రావచ్చు. నేనడిగితే రాదు.

మీ ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. వారానికి మూడు సాయంత్రాలు ఒక గంట వదలండి. షార్ట్స్ వద్దంటే ట్రాక్ ప్యాంటుతో పంపండి, నాకేమీ అభ్యంతరం లేదు. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది పిల్లకే వదిలేయండి. ఏ ఇబ్బంది ఉన్నా నాతో చెప్పుకోమనండి. చీకటి పడేలోపు చౌరస్తా దాటేలా ఆటోలు, స్కూల్ బస్సు చూసుకునే పూచీ నాది.

ఈసారి మార్కుల మీటింగ్‌కు వచ్చినప్పుడు వెనకవైపు కోర్టు దాకా ఒకసారి రండి. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. ఆ రోజు అంతే ఎత్తులో కట్టి ఉంచుతాను. మీ అమ్మాయి ఎగిరితే చెయ్యి ఎంతవరకు అందుతుందో మీరే చూద్దురుగాని.

మీ పీఈటీ మేడం