సింహము లేవలేదు

తెలుగువారి అడవులలో నేడు సింహము లేదు. సింహముఖుడైన దేవుడు మాత్రము కొండకొండకును వెలసియున్నాడు. అహోబిలమునను, సింహాచలమునను, మంగళగిరిని, యాదగిరిగుట్టను ఆ స్వామి యెదుట చేతులు మోడ్చి పెరిగిన పసివాండ్రకు ఆ జూలును, ఆ కోరలును, ఆ తీక్ష్ణమైన చూపును చిరపరిచితములే గాని, అట్టి ముఖముగల ప్రాణి నిజముగా చెట్టునీడను పండుకొని, ఊపిరి తీయుచు, తోకతో ఈగలను తోలుకొనుచు ఉండుట ఎట్లుండునో వారు చూచి యెరుగరు. చూపవలెనని తలచు తల్లిదండ్రులకు గుజరాతులోని గిర్ అడవి దూరము, హైదరాబాదులోని బహదూర్‌పురా దగ్గర. అందుచేత గడచిన మాఘమాసమున ఒక ఆదివారమునాడు నేనును నా భార్యయు, కుమారుడును కోడలును, తొమ్మిదేండ్ల మనుమరాలును, నాలుగేండ్ల మనుమడును, పులిహోర ఒక డబ్బాలోను దద్దోజనము మరియొక డబ్బాలోను సర్దుకొని, ఎండ ముదరకముందే నెహ్రూ జంతుప్రదర్శనశాలకు బయలుదేరితిమి.

మీర్ ఆలం చెరువు చెంత 380 ఎకరములలో విస్తరించిన ఆ ఉద్యానవనము 1963 అక్టోబరు 6వ తేదీన ప్రజలకు తెరువబడినది. మా మనుమడు చిన్న రైలును చూచి చేతులు చరచెను. నిశాచర జంతువుల చీకటిగదిలో దేవాంగపిల్లి పెద్దకన్నులు తెరచి చూడగా భయపడి తల్లి కొంగు పట్టుకొనెను. ఇవన్నియు ఏ కుటుంబమునకైనను జరుగునవే. నేను వ్రాయదలచినది ఆ పిమ్మట సింహాల సఫారీ బస్సులో గడచిన స్వల్పకాలమును గూర్చి. అది నా మనస్సును నేటికిని విడువకున్నది.

బస్సు కిటికీలకు ఇనుప జాలీ బిగించియుండెను. మొదటి గేటు తెరచుకొనగా బస్సు లోపలికి పోయి, రెండవ గేటు ముందర నిలిచిపోయెను. వెనుకటి గేటు పూర్తిగా మూతపడి, గడియ బిగిసిన చప్పుడు వినవచ్చిన పిదపగాని ముందరి గేటు కదలలేదు. మా మనుమరాలు ఈ క్రమమును శ్రద్ధగా కనిపెట్టి, తమ్మునికి వ్రేళ్ళతో చూపి, "ఒకటి మూస్తేనే ఇంకొకటి తెరుస్తారురా. రెండూ ఒకేసారి ఎప్పుడూ తెరవరు" అని బోధించెను. డ్రైవరు అద్దములోనుండి ఆమెను చూచి, "అవును బిడ్డా, మాకు నేర్పిన మొదటి పాఠం గదే" అనెను. ఒక పసిదానికి ఇంతకంటె మంచి పాఠము ఏ పాఠశాలలో దొరకును? మృగమునకును మనుష్యునకును నడుమ ఒక ఎడము ఉండవలెనని, ఆ ఎడమును ప్రతిదినము ప్రతి ప్రయాణమునందును ఎవరో ఒకరు తమ చేతులతో మూసి తెరచి కాపాడుచుండవలెనని, అది ఇరువురి క్షేమమునకును అవసరమని ఆ గేట్లు మౌనముగా చెప్పుచున్నవి.

కొంతదూరము పోగా, దారికి ప్రక్కగా ఒక చెట్టుక్రింద సింహము కనబడెను. అది నిద్రించుచుండెను.

డ్రైవరు బస్సు ఆపెను. క్షణకాలము అందరును ఊపిరి బిగబట్టిరి. అంతట వెనుక సీటునుండి ఎవరో ఈల వేసిరి. మరియొకరు జాలీని అరచేతితో దడదడ బాదిరి. "హారన్ కొట్టన్నా, లేస్తది" అని ఒక యువకుడు కేక వేసెను. "టికెట్ పైసలు పెట్టి వస్తే గిదేంది, పండుకునే ఉన్నది" అని మరియొకాయన నిష్ఠూరమాడెను. నా కుమారుడే, చదువుకొన్నవాడు, సౌమ్యుడు, మనుమని భుజముపై కెత్తుకొని, "గట్టిగా పిలువు నాన్నా, నీ మాట వింటుంది" అనెను. ఆ పసివాడు తండ్రి మాట నమ్మి, గొంతు చించుకొని అరచెను. డ్రైవరు హారన్ కొట్టలేదు. "నిన్న పొద్దుగూకినాక తిన్నది, మన కోసం లేవదమ్మా" అని మాత్రము చెప్పి, చేతులు స్టీరింగుపై పెట్టి కూర్చుండెను. ఆయనకు నేను మనస్సులో నమస్కరించితిని.

మా మనుమరాలు అరవలేదు. సింహమునే చూచుచు, కొంతసేపటికి నా చేయి పట్టి లాగి, "తాతయ్యా, అది వింటోంది. అరిచినప్పుడల్లా చెవి తిప్పుతోంది" అనెను. నేను చూచితిని. నిజమే. కన్నులు మూసియే యున్నవి, శిరస్సు కదలదు. గాని ఈల వేసినప్పుడు ఒక చెవి ఇటు తిరుగును, జాలీ బాదినప్పుడు ఒకసారి అదరును. ఆఫ్రికా సింహమువలె జూలు దట్టముగా క్రమ్మక, చెవులు స్పష్టముగా పైకి కనబడుటయు, పొట్టక్రింద చర్మము మడతవలె నిడుపుగా వ్రేలాడుటయు ఆసియా సింహమునకు గురుతులని నేను ఆమెకు ముందే చెప్పియుంటిని. ఆ గురుతులను వెదకబోయినందుననే ఆమె చెవిని చూడగలిగినది. మిగిలిన మేమందరమును ఆ మృగము మాకొరకు ఏమి చేయునో అని చూచుచుంటిమి. మేము దానికేమి చేయుచుంటిమో ఆమె యొక్కతె చూచినది.

మృగమును మనకొరకు ఆడింపజూచు ఈ అలవాటు మనకెక్కడినుండి వచ్చినదో నాకు తెలియును. నా బాల్యమున సింహమును చూచుటయనగా సర్కస్ చూచుటయే. ఊరి చివర మైదానమున డేరా వేసినారని తెలిసిన నాటినుండి మాకు నిద్ర పట్టెడిది కాదు. మంటలు చుట్టిన చక్రములోనుండి సింహము దుముకును. కొరడా చప్పుడునకు ముక్కాలిపీటపై కూర్చుండును. పండ్లు చూపి గర్జించును. మేము చప్పట్లు చరతుము. ఆ దుముకునకు వెనుక ఎన్ని దెబ్బలుండెనో, ఆట ముగిసిన పిదప ఆ ప్రాణి ఎంత బోనులో ముడుచుకొని యుండెనో మాకు చెప్పినవారు లేరు. సింహములను, పులులను, చిరుతలను, ఎలుగుబంట్లను, కోతులను ఆటలకు అలవరచి ప్రదర్శించుటను కేంద్రప్రభుత్వము పిమ్మట నిషేధించెను. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును సమర్థించెను. సర్కసులనుండి విడిపింపబడిన మృగములలో అనేకములకు విశాఖపట్టణమునను తిరుపతిలోను జంతుశాలల చెంత వెలసిన రక్షణకేంద్రములు ఆశ్రయమిచ్చినవి. ఆ డేరా పోయినది. దానిలో మేము నేర్చిన చూపు మాత్రము మాతోడనే వచ్చి, మా పిల్లల కన్నులలో చేరి, నేడు సఫారీ బస్సు ఎక్కినది. మృగము మనకొరకు ఏదో ఒకటి చేయవలెను. చేయకున్నచో మన సొమ్ము వృథాయైనది!

సింహము దినమునకు ఇరువది గంటలవరకును విశ్రమించును. అది సోమరితనము కాదు. మాంసముమీద జీవించు దేహము తన బలమును వేటకొరకు దాచుకొను తీరు అది. ఎండ చల్లారిన వేళను, తెల్లవారకముందును దానికి మెలకువ. ఆ సమయమున అది గర్జించినచో ఎనిమిది కిలోమీటర్ల దూరమువరకు వినబడును. జంతుశాలలలో సాయంకాలము సింహములను రాత్రిగదులలోనికి రప్పించి ఆహారము పెట్టుదురు. ఇక మనము టికెట్టు కొని బస్సెక్కునది పట్టపగలు. మనము వచ్చినవేళ దానికి నడిరాత్రి అనుకొనవలెను. అర్ధరాత్రి మన యింటి తలుపులు బాది, "లేచి కూర్చుండుము, నిన్ను చూచుటకు వచ్చితిమి" అనువారిని మనమేమందుము?

మన సామీప్యము మృగములకు ఎంత భారమో తెలిపిన సంఘటన ఒకటి ఈ ఉద్యానవనముననే జరిగినది. 2021 ఏప్రిలు నెలలో ఇచ్చటి సింహములకు ఊపిరితిత్తుల బాధ కనబడగా నమూనాలను నగరములోని సీసీఎంబీ పరిశోధనశాలకు పంపిరి. ఎనిమిది సింహములకు కోవిడ్ సోకినదని మే నెల మొదట లోకమునకు తెలిసెను. అడవి యెరుగని ఆ వ్యాధి మనుష్యులనుండియే వాటికి అంటియుండవలెను. మన ఇండ్లలో శవములు లేచుచున్న ఆ దుర్దినములలో, జంతుశాల సిబ్బంది వాటిని వేరుగా ఉంచి, చికిత్స చేసిరి, ఎనిమిదియు కోలుకొనినవి. గేటు వెనుక గేటు కట్టి మృగమునుండి మనలను కాపాడుకొనుట ఎరిగిన మనము, మననుండి మృగమును కాపాడుట ఆనాడు నేర్చుకొనవలసివచ్చెను.

చట్టము ఈ సంగతిని అంతకుమున్నే గ్రహించినది. జంతుశాలలో ఏ జంతువునైనను వేధించుటయు, గాయపరచుటయు, దానికి తిండి పెట్టుటయు, శబ్దముచేత గాని మరి యే విధముచేత గాని దానికి కలత కలిగించుటయు, ఆవరణలో చెత్త వేయుటయు కూడదని వన్యప్రాణి సంరక్షణ చట్టము శాసించుచున్నది. శబ్దము అను మాట అందు ప్రత్యేకముగా చేర్చబడినది. కేక ఒక హింసయని శాసనకర్తలు ఒప్పుకొనిరి, మనము ఒప్పుకొనలేదు. ఈ నిషేధమును పలకపై వ్రాసి ద్వారమున నిలిపినంతమాత్రమున ఫలము లేదు, ఏలయన పలకను చదువువాడు అరవడు, అరచువాడు చదువడు.

జంతుశాలలే ఉండరాదని వాదించు మిత్రులు నాకు కలరు. వారి దయకు నేను తలవంచుదును గాని, వారితో ఏకీభవింపజాలను. స్వేచ్ఛగా తిరుగు ఆసియా సింహములు లోకమున గుజరాతులో తప్ప వేరెక్కడను లేవు. 2020లో 674గా లెక్కకు వచ్చినవి 2025 నాటికి 891 అయినవి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అవి వ్రేళ్ళపై లెక్కింపదగినంతకు తగ్గిపోయెనని తలచినచో, ఇది ఎంత శ్రమఫలమో తెలియును. ఒకే ప్రాంతమున ఉన్న జాతికి ఒక్క వ్యాధి చాలును. దూరముననున్న మరికొన్ని చోట్ల కూడ ఆ రక్తము నిలిచియుండుట వివేకము. సింహము మాట అటుండగా, పిల్లియంత మూషికజింకను గూర్చి ఎందరు విన్నారు? సీసీఎంబీ శాస్త్రజ్ఞులును ఈ జంతుశాలవారును కలసి దానిని పెంచి, సంతతి వృద్ధిచేసి, 2017 నుండి అమ్రాబాదు అడవిలో విడిచిపెట్టుచున్నారు. టికెట్టు కొని చూచుటకు వీలులేని ఆ పని, ఈ ఉద్యానవనమున జరుగు పనులలో నా దృష్టికి అత్యుత్తమమైనది.

అయినను ఆ బస్సులో నిష్ఠూరమాడిన పెద్దమనిషిని నేను దూషింపజాలను. ఆయన చేతిలో పాలసీసా, ఒడిలో నిద్రమత్తున బిడ్డ, కాళ్ళదగ్గర సంచి. కోడికూతవేళ ఏ మారుమూల పల్లెలో బస్సెక్కినాడో, ఎన్ని దినముల కూలి ఈ ఒక్కదినమునకై దాచినాడో! సంవత్సరమునకొక్కటియైన ఆ దినమున, పిల్లలు వచ్చునప్పుడు త్రోవపొడుగునను "సింహం అరుస్తుందా నాన్నా" అని అడిగియుండగా, తీరా చూడ అది పండుకొని యున్నచో ఆయన హృదయము చివుక్కుమనుట సహజము. ఆయనకు ముందుగా ఎవరైనను చెప్పియుండవలసినది. సఫారీ నడుపు సంస్థలు, అవి ఎచ్చటివైనను, బస్సు కదలకమునుపు ఐదు నిమిషములు తెలుగునను ఉర్దూలోను సందర్శకులతో మాట్లాడినచో చాలును: సింహము ఈవేళ నిద్రించును, దాని చెవులు చూడుడు, పొట్ట మడత చూడుడు, పంజా ఎంతయున్నదో చూడుడు, నిశ్శబ్దముగా ఉన్నచో ఊపిరి కూడ వినబడవచ్చును. బస్సు ఆపినప్పుడు ఇంజను కూడ ఆపవలెను. పసిపిల్లలున్న కుటుంబములకు ఉదయమున మొదటి ప్రయాణములు కేటాయింపవలెను. వీటికి పెద్ద ధనము అక్కరలేదు. ఆ డ్రైవరువంటి మనుష్యులు ఇప్పటికే ఉన్నారు. వారికి మాట్లాడు అధికారమును, హారన్ కొట్టని గౌరవమును ఇచ్చిన చాలును.

బస్సు తిరిగి రెండు గేట్లు దాటి వెలుపలికి వచ్చువరకును సింహము లేవలేదు. మధ్యాహ్నము చెట్టునీడను దద్దోజనము తినుచు, మనుమరాలు తండ్రిని చూచి, "నాన్నా, దానికి చెవులు మూసుకోవడం రాదుగా" అనెను. నా కుమారుడు బదులు పలుకలేదు. చాలసేపు తలవంచుకొని, పిమ్మట కొడుకును దగ్గరకు తీసికొని, "మనం తప్పు చేశాంరా, ఈసారి అరవం" అనెను. తండ్రి తన తప్పును నాలుగేండ్ల బిడ్డయెదుట ఒప్పుకొనుట నేను ఆనాడు చూచితిని. సింహము లేచి గర్జించియున్నను నాకంతకంటె తృప్తి కలిగెడిది కాదు.

వేసవి సెలవులు వచ్చుచున్నవి. పిల్లలను తీసికొనిపోవు తల్లులకును తండ్రులకును నా మనవి ఇది: అన్నియు ఒకేదినమున చూపవలెనని వారి లేతకాళ్ళను ఈడ్వకుడు, నాలుగు జంతువులను చాలసేపు చూడనిండు. ఆదివారము వీలైనంతవరకు మానుడు. సోమవారము ఆ ఉద్యానవనమునకు సెలవు. మిగిలిన ఐదుదినములలో ఏదో ఒకనాడు, ద్వారము తెరచిన వెంటనే పోయి, మొదటి బస్సు ఎక్కుడు. సింహము నిద్రించుచున్నచో లేపకుడు.