కాపలా కుక్కకు తొలిచదువు

పల్లెలో కుక్క లేని వాడ అరుదు. కళ్లములోని ధాన్యపు రాశికిని, దొడ్డిలోని దూడలకును, రాత్రివేళ పొలమునకు నీరు కట్టు రైతునకును అది తోడు. అట్టి జంతువును మనము పెంచు విధము చూడగా మాకు విచారము కలుగుచున్నది. విత్తనమును ఏరి నాటుదుము. కోడెదూడను మెల్లమెల్లగా కాడికి మరపుదుము. కుక్కపిల్లను మాత్రము గుంజకు కట్టివైచి, కాపలా తనంతట నేర్చుకొనవలెనని కోరుదుము. అది పెద్దదై బాటసారిని కఱచినపుడు కుక్కతోక వంకర యని సామెత చెప్పి తప్పించుకొందుము. తోక వంకర పుట్టుకతో వచ్చినది. నడత వంకర పలుమాఱు పెంచినవారి వలన వచ్చునదియే యని మా యభిప్రాయము.

ఎనిమిది వారములు నిండక మునుపు పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు. తోడిపిల్లలతో ఆడుచున్నపుడే పంటి పట్టు ఎంతవఱకో అది నేర్చుకొనును. మూడవ వారము మొదలు సుమారు మూడు నెలలవఱకు దాని మనస్సు క్రొత్తవానిని సులభముగా గ్రహించు కాలము. ఈ దినములలోనే పసిపిల్లలను, కోళ్లను, మేకలను, ట్రాక్టరు చప్పుడును దానికి మెల్లగా అలవాటు చేయవలెను. టీకాలు పూర్తియగువఱకు ఊరకుక్కలతో మాత్రము కలియనీయరాదు. అదను తప్పిన సేద్యము వలెనే, ఈ కాలము తప్పిన శిక్షణమును మిక్కిలి శ్రమ పెట్టును.

శిక్షణము వేఱు, దండనము వేఱు. పిల్లకు చిన్నపేరు పెట్టి, ఇంటివారందఱును ఒకే మాటతో పిలువవలెను. ఒకరు "రా" యనియు, మఱియొకరు "ఇటు" అనియు పిలిచినచో అది దేనిని నేర్చుకొనును? పిలిచినంతనే వచ్చినచో ఆ క్షణముననే రొట్టెముక్క యిచ్చి నిమురవలెను. పిలిచి కొట్టుట కూడదు. కొట్టినచో మఱల పిలుపునకు రాదు. నిద్ర లేచినపుడును, తిన్న వెంటనే యును ఒకే చోటికి తీసికొనిపోయినచో ఇల్లు పాడుచేయదు. గడియ గడచిన తరువాత కొట్టినచో తన తప్పేదో దానికి తెలియదు. మన చేతిని చూచి భయపడుట మాత్రమే నేర్చును. కోళ్లను తఱుమునదైనచో త్రాటితో పట్టుకొని వాని యెదుట నుంచి, నెమ్మదిగా నున్నపుడు మెచ్చుకొనవలెను. ఒక్కొక్క పాఠమునకు ఐదు నిమిషములు చాలును.

గొలుసున కట్టి బెదరించి పెంచిన కుక్కయే మంచి కాపలాదారు అని కొందఱు పెద్దలందురు. మేము దీనిని అంగీకరింపజాలము. తనవారెవరో పరాయివారెవరో ఎఱిగిన కుక్క కాపలా కాచును. భయముతో పెరిగిన కుక్క పొరుగింటి బిడ్డను కఱచును. కొల్లేటి ప్రాంతమున జోనంగి కుక్కలకు బాతుల మందలను త్రోలుట నేర్పినవారు ఆ బాతుల కాపరులే కాని దూరదేశపు పండితులు కారు. ఓపిక గల రైతునకు ఈ విద్య అసాధ్యము కాదు.

ఇక నన్నిటికంటె ముఖ్యమైనది పిచ్చికుక్క వ్యాధి. లూయీ పాశ్చర్ 1885లో మనుష్యునకు దీని టీకా ప్రయోగించి దారి చూపెను. అయినను వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము దక్కుట నేటికిని మిక్కిలి అరుదు. కావున మూడవ నెలలో పిల్లకు టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువున మఱల వేయించుచుండవలెను. కుక్క కఱచినచో గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము పూయరాదు.

ఒక్కొక్కరు వేఱువేఱుగా పట్టణమునకు పోవుట కష్టము. ఎరువులను కలసి తెచ్చుకొనువారము టీకాలను కలసి వేయించుకొనలేమా? ప్రతి సహకార సంఘమును ఏటికొక దినము నిర్ణయించి, పశువైద్యుని ఊరికి రప్పింపవలెనని మా సూచన. సభ్యులు రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చింతురుగాక.