మర మీద మోపిన నేరం

సైన్సు కథల గురించీ, ఆటల గురించీ, యంత్రాల మంచిచెడ్డల గురించీ మన కళాశాలల్లో తరుచు వినిపించే అభిప్రాయాలు రెండు. యంత్రానికి తెలివి వస్తే అది మనిషిమీద తిరగబడుతుందన్నది ఒకటి. యంత్రం కత్తివంటిది, మంచీచెడ్డా వాడేవాడి చేతిలో ఉన్నాయన్నది రెండవది. ఈ రెంటికీ విరోధమని చాలామంది నమ్మకం. విరోధమేమీ లేదు. మొదటిది నేరాన్ని మరమీద మోపుతుంది, రెండవది వాడేవాడి మీద మోపుతుంది. మర యజమాని రెండుచోట్లా నిర్దోషిగా బయటపడతాడు.

ముందు కథల సంగతి చూద్దాం. “రోబో” అన్న మాటను లోకానికిచ్చింది చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకం “ఆర్.యు.ఆర్.” అది 1920లో అచ్చయింది. ఆ మాటను సూచించినవాడు అతని అన్న యోసెఫ్. చెక్ భాషలో “రొబోత” అంటే రైతు ప్రభువు పొలంలో విధిగా చేసి తీరవలసిన చాకిరి. ఆస్ట్రియా సామ్రాజ్యంలో అది 1848లో గాని రద్దు కాలేదు. అంచేత రోబోకు సరైన తెలుగు “మరమనిషి” కాదు, “వెట్టివాడు”. వెట్టి అంటే ఏమిటో తెలుసుకోవటానికి తెలంగాణావాడికి నిఘంటువు అక్కర్లేదు.

ఆ నాటకంలో రోబోలు ఊరికే తిరగబడలేదు. గిరాకీ ఉన్నంతకాలం కంపెనీ వాటిని అమ్ముతూ పోయింది. వాటిమీద లేచిన కార్మికులను అణచటానికి వాటి చేతికే ఆయుధాలిచ్చారు. ఆ తర్వాత ప్రభుత్వాలు వాటిని సైనికులుగా చేసుకున్నాయి. చివరకు అవి మానవజాతిని తుడిచిపెట్టి ఆల్కిస్ట్ అనే ఒక్కణ్ణి మిగిల్చాయి. ఎందుకంటే అతను తమలాగే చేతులతో పనిచేసేవాడు! చాపెక్ మనవాడేమీ కాదు. తాను కమ్యూనిస్టు ఎందుకు కాడో 1924లో ఒక వ్యాసమే రాశాడు. అయినా యజమానిని రంగస్థలం మీద నిలబెట్టే నిజాయితీ అతనికుంది.

1942లో ఐజాక్ అసిమోవ్ మూడు సూత్రాలు చెప్పాడు. రోబో మనిషికి హాని చేయరాదు. మనిషి చెప్పినట్టు వినాలి. ఈ రెంటికీ భంగం లేకుండా తన్ను తాను కాపాడుకోవాలి. యంత్రనీతి అనగానే మన విద్యార్థులు వీటినే ఏకరువు పెడతారు. కాస్త ఆగి చదవండి. మూడూ పనిచేసేదానికే గాని, పని చేయించేవాడికి ఒక్కటీ లేదు. ఏ దొర అయినా తన పాలేరుకు చెప్పే నీతి ఇదే గదా! ఆ సూత్రాలు ఎక్కడెక్కడ బెడిసికొడతాయో అసిమోవే తన కథల్లో చూపాడు. ఆయన భక్తులు అంతదూరం పోరు.

ఇక ఆటలు. “ఆటకు రాజకీయాలేమిటి?” అంటారు. మన ఇళ్లలో “బిజినెస్” పేరుతో పిల్లలాడే ఆటకు మూలం మొనోపలీ. దానికి మూలం అమెరికాలో లిజీ మేగీ 1904లో పేటెంటు పొందిన “భూస్వామి ఆట”. భూమి కొద్దిమంది చేతుల్లో పడితే మిగతావాళ్ల గతి ఏమవుతుందో చూపటానికి ఆమె దాన్ని కల్పించింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ 500 డాలర్లిచ్చి ఆ హక్కు కొనేసింది. విమర్శ పోయింది, పక్కవాణ్ణి దివాలా తీయించే సరదా మిగిలింది.

ఫోనులో డబ్బు పెట్టి ఆడించే రమ్మీ ప్రకటనల చివర, ఇది వ్యసనం కావచ్చు, బాధ్యతతో ఆడండి అని ఒక హెచ్చరిక గబగబా వినిపించేది. వ్యసనం పట్టుకునేట్టు ఆటను అమర్చినవాడు బాధ్యతను ఆడేవాడికి అప్పజెప్పాడన్నమాట! కత్తి వాదం అసలు రూపం ఇది. తెలంగాణా 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వీటిమీద చట్టాలు చేశాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం శిక్ష వేసేది ఆడేవాడికి కాదు, ఆడించేవాడికీ ప్రకటనలు వేసేవాడికీ. మన మేధావులకు తట్టని సంగతి చట్టానికి తట్టింది.

మేము యంత్రాలకు శత్రువులం కాము. మనిషి నడుంమీద బరువు దించగల మరను కాదనేవాడు అభ్యుదయవాది కాడు. మర ఎవరిది, దానివల్ల మిగిలిన కాలం ఎవరికి దక్కుతుంది అన్నదే మా ప్రశ్న.

రేపు యంత్రం తిరగబడుతుందని భయపడేవారు నేటి సంగతి వినండి. చాట్‌జీపీటీకి బూతునూ, హింసనూ గుర్తుపట్టటం నేర్పటానికి కెన్యాలో కార్మికులు గంటకు 2 డాలర్లకన్న తక్కువ కూలికి ఆ రోత అంతా చదివి గుర్తులు పెట్టారని 2023 జనవరిలో బయటపడింది. ఆ యేడు మేడే నాడు నైరోబీలో, ఇంటర్నెట్టు కంపెనీల కోసం ఇటువంటి చాకిరే చేసినవాళ్లు 150 మందికి పైగా కూడి, సంఘం పెట్టుకోవాలని వోటు చేశారు.

మర లోపలి వెట్టివాడు తలయెత్తటమంటే ఇది. ఆ కథ తెలుగులో ఎవరు రాస్తారు?