చూడనివానిదా నేరము?

ఒక ధారావాహిక నడుమ తెగిపోయినప్పుడు ప్రసారసంస్థవారు చెప్పు సమాధానము ఒక్కటే: "జనులు చూడలేదు." వారు ఈ మాట చెప్పుటలో వింత లేదు, తమ వ్యాపారమును తాము సమర్థించుకొనుట ఎవరికైనను సహజము. వింతయేమనగా, చదువుకొన్నవారు, పత్రికలలో విమర్శలు వ్రాయువారు, తుదకు ఆ ధారావాహికను ప్రాణప్రదముగా చూచినవారు సైతము ఈ మాటను న్యాయస్థానపు తీర్పువలె శిరసావహించి, "రుచిగలవారము మేము కొద్దిమందిమే, లోకము మాతో లేదు, ఏమి చేయుదుము?" అని నిట్టూర్చి ఊరకుండుట. రేటింగులనగా ప్రజాభిప్రాయమనియు, ప్రజాభిప్రాయమునకు తలయొగ్గినవానిని తప్పుపట్టరాదనియు వీరి సిద్ధాంతము. ఈ సిద్ధాంతము మూలమునందే చెడినదని నా వాదము.

ప్రేక్షకుడు ఎన్నుకొనుటకు పూర్వమే అతని నిమిత్తము మరొకడు ఎన్నుకొని యుండును. ఏ వారమున, ఏ గంటకు, దేని వెనుక, ఏ ప్రత్యర్థి కెదురుగా, నడుమ ఎన్నాళ్ళ విరామముతో ఒక కథ మన యింటికి రావలెనో నిర్ణయించు అధికారి ఒకడు ప్రతి చానలునందును కలడు. అతడు గీచిన వేళాపట్టికకు లోబడి చూచినవారిని లెక్కించి, ఆ లెక్క యంతయు కథయొక్క గుణదోషములకే చెందినదనుట తర్కమునకు నిలువదు. రేటింగుల లెక్కకై మీటర్లు అమర్చిన ఇండ్లు మరీ కొద్ది యని ఆక్షేపించువారితో నేను ఏకీభవింపను. శాస్త్రీయముగా ఎన్నుకొన్నచో కొద్ది ఇండ్లే చాలును. లెక్క సరియైనదే కావచ్చును; దానికి చెప్పెడి అర్థమే వక్రము.

ఇది నేను కల్పించిన ఆక్షేపణ కాదు. అమెరికాలో ఎన్.బి.సి. సంస్థయందు ప్రేక్షకపరిశోధనకు అధిపతిగా నుండిన పాల్ క్లైన్ అనునతడు 1970ల ఆరంభమున ఒక సిద్ధాంతమును ప్రచారములోనికి తెచ్చెను: జనులు ఫలానా కార్యక్రమము కొరకై టీవీ ముందు కూర్చుండరు, మొదట టీవీ చూడ నిశ్చయించుకొని, పిదప ఆ వేళకు దొరకినవానిలో తమకు అన్నిటికంటె తక్కువ వెగటు కలిగించుదానిని చూచెదరు. దీనిని నేను పూర్తిగా నమ్మను. మనుష్యుని గూర్చి నాకింత నీచాభిప్రాయము లేదు. కాని వేళాపట్టికలు వ్రాయువారు దీనిని నమ్మిరి. నమ్మి, బలమైన కార్యక్రమము వెనుక క్రొత్తదానిని, రెండు బలమైనవాని నడుమ బలహీనమైనదానిని నిలుపు విద్యను ఒక శాస్త్రముగా పెంచిరి. మంచి వేళ నిచ్చి సామాన్యమైనదానిని పైకి తెచ్చితిమని సగర్వముగా చెప్పుకొనువారే, చెడు వేళ దొరకి మంచి కార్యక్రమము కూలినప్పుడు వేళకును పతనమునకును సంబంధమే లేదనుట ఎట్లు పొసగును? జయమైనచో పట్టిక వ్రాసినవాని ప్రతిభ, అపజయమైనచో ప్రేక్షకుని మౌఢ్యము!

స్టార్ ట్రెక్ సంగతి చూడుడు. 1966 సెప్టెంబరు 8వ తేదీ గురువారము రాత్రి ఎనిమిదిన్నరకు ఎన్.బి.సి.లో మొదలైన ఆ ధారావాహిక మరుసటి సీజనున శుక్రవారమునకు మారినది. రెండవ సీజను నడుచుచుండగనే దానిని ఆపివేయుదురను వదంతి పుట్టగా, అభిమానులు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి; 1968 జనవరిలో కాల్‌టెక్ విద్యార్థులు కాగడాలు పట్టి బర్బాంక్‌లోని ఆ సంస్థ కార్యాలయమునకు ఊరేగిరి. తుదకు మార్చి 1వ తేదీ రాత్రి, ఆ వారపు కథ ముగిసిన వెంటనే, ధారావాహిక కొనసాగునని తెరమీదనే ప్రకటింపవలసి వచ్చెను. (అభిమానులు అంతటితో విడువక, కృతజ్ఞత తెలుపుచు మరల ఉత్తరములు వ్రాసిరి, పాపము, ఆ కార్యాలయపు గుమాస్తాలు!) మూడవ సీజనునకు మొదట అనుకొన్నది సోమవారము రాత్రి ఏడున్నర. ఆ వేళ నిచ్చినచో నిత్యనిర్వహణము మరల తానే వహింతునని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ మాట యిచ్చెను. కాని అప్పటికి దేశమును నవ్వులలో ముంచుచున్న లాఫ్-ఇన్ అను కార్యక్రమమును అందుకొరకై అరగంట ఆలస్యముగా జరుపుటకు దాని నిర్మాత సమ్మతింపలేదు. అంతట స్టార్ ట్రెక్ శుక్రవారము రాత్రి పదిగంటలకు త్రోయబడెను. రాడెన్‌బెరీ నిత్యనిర్వహణమునుండి తప్పుకొనెను. ఒక్కొక్క కథకు వెచ్చించు ధనము తగ్గెను. ఆ ధారావాహికను మిక్కిలి ప్రేమించినవారు కళాశాల విద్యార్థులు, బాలురు. శుక్రవారము రాత్రి పదిగంటలకు మొదటివారు ఇంటనుండరు, రెండవవారు మేలుకొని యుండరు. 1969లో ధారావాహిక ఆగిపోయినది. జనులు చూడలేదట!

ఆ 79 ఎపిసోడ్లను పిదప దేశమందలి స్థానిక స్టేషన్లు కొని, పిల్లలు బడినుండియు పెద్దలు పనినుండియు ఇంటికి చేరు సాయంకాలములందు చూపించినవి. అవే కథలు, అవే అట్టగోడలు, అవే నటులు. మారినది వేళ మాత్రమే. 1972లో న్యూయార్కులో అభిమానులు సభ చేయగా వేలమంది వచ్చిరి; 1979లో సినిమా వచ్చెను; 1987లో ఆ వంశపు క్రొత్త ధారావాహికను నిర్మించినవారు పెద్ద ప్రసారసంస్థలకు గాక నేరుగా స్థానిక స్టేషన్లకే అమ్మిరి. 1980లలో మన దూరదర్శన్ సైతము ఆ మొదటి ధారావాహికను ఆదివారము ఉదయమున ప్రసారము చేయగా, ఇక్కడి బాలురు దానిని కన్నులార్పక చూచిరి. అమెరికా ప్రేక్షకుడు త్రోసిపుచ్చెనన్న వస్తువు ఇంతటి ఆదరము పొందుట కేమి హేతువో, రేటింగులను ప్రజాభిప్రాయమనువారు సెలవీయవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును, అది బలమైనదే. డాలస్ అను ధారావాహిక సి.బి.ఎస్.లో అదే శుక్రవారము, అదే రాత్రి పదిగంటలకు నడచి, 1980 నవంబరు 21వ తేదీ రాత్రి, అందలి జె.ఆర్. అను పాత్రను కాల్చినదెవరో తెలియునాడు, ఆ వేళకు టీవీ చూచుచున్న ఇండ్లలో నాలుగింట మూడువంతులను తనవైపు త్రిప్పుకొనలేదా? ఎక్స్-ఫైల్స్ 1993లో శుక్రవారముననే పుట్టి పెరుగలేదా? నిజమే. శుక్రవారము స్వతహాగా శాపగ్రస్తమని నేననను. డాలస్ పెద్దవారి కథ: ఆస్తుల తగవులు, దాంపత్య కలహములు, ద్రోహములు, పిల్లలను నిద్రపుచ్చి సంసారులు తీరికగా చూడదగినది. ఆ వేళ దానికి అమరినది. ఎక్స్-ఫైల్స్‌ను ఫాక్స్ సంస్థ మూడు సీజన్లు ఒకే వారమున, ఒకే గంటకు కదలింపక నిలిపి, వెదకికొని వచ్చువారికి దారి తెలియనిచ్చెను. కావున ఈ దృష్టాంతములు నా వాదమును ఖండింపవు, స్థిరపరచును: వేళ కథకు తగినదై నిలుకడగా నున్నచో ప్రేక్షకుడు వచ్చును. తగినదేదో ఎరుగుటయే తమ విద్యయని చెప్పి జీతములు తీసికొనువారు, అది తగకపోయినప్పుడు మనవైపు వ్రేలు చూపుదురు.

ఆ ఫాక్స్ సంస్థయే 2002లో ఫైర్‌ఫ్లై అను ధారావాహిక విషయమున చేసినది మరింత విపరీతము. దాని సృష్టికర్త జాస్ వీడన్ పాత్రలను ఒక్కొక్కరినే ఓడమీదికి ఎక్కించుచు రెండుగంటల ఆరంభకథను నిర్మించియుండగా, దానిని ప్రక్కకునెట్టి, వేరొక కథతో సెప్టెంబరు 20వ తేదీన మొదలుపెట్టిరి. బేస్‌బాల్ పోటీల కొరకు నడుమ వారములు ఎగురగొట్టిరి. తుదకు ఆ ఆరంభకథను డిసెంబరు 20వ తేదీన, ధారావాహికను ముగించు రాత్రి చూపించిరి. యుద్ధకాండము ముగిసిన పిమ్మట బాలకాండము వినిపించి, శ్రోతలకు భక్తి లేదని నిందించిన పౌరాణికుని మన ఊళ్ళలో ఎవరును క్షమింపరు. నిర్మించినవి పదునాలుగు ఎపిసోడ్లు, చూపినవి పదునొకండు. మరుసటి సంవత్సరము డీవీడీలు వచ్చి, కథను రచయిత కూర్చిన వరుసలో చూచు వీలు కలుగగానే అవి విరివిగా అమ్ముడుపోయి, 2005లో సెరెనిటీ అను సినిమాకు దారితీసినవి.

దీనికి ప్రతిగా చీర్స్ ఉన్నది. 1982లో మొదలైన ఆ హాస్యధారావాహిక మొదటి సీజనున రేటింగులలో దాదాపు అట్టడుగున పడియుండెను. ఎన్.బి.సి. ఓపికపట్టినది, 1984లో కాస్బీ షో వచ్చి గురువారపు రాత్రికి బలము చేకూర్చగా అది లేచి, 1993 వరకు పదునొకండు సీజన్లు నడచినది. మొదటి యేటి లెక్కయే ప్రజల తీర్పైనచో, పిదపటి పదియేండ్లును ఎవరి తీర్పు?

వ్యాపారవాదులు ఇంకొకటి చెప్పుదురు: "ఎవడును తన సొమ్మును తాను పాడుచేసికొనడు, లాభము వచ్చుదానిని చంపుకొనుటకు వారు వెఱ్ఱివారా?" వెఱ్ఱివారు కారు, కాని వారు కాపాడునది రాత్రి యంతటిని, ఒక్క కథను కాదు. ప్రత్యర్థి బలమైనది చూపు వేళకు తమ మంచి ఆస్తిని పణముపెట్టరు. అశ్రద్ధచేసినను నష్టములేదనుకొన్నదానిని అక్కడ నిలిపి వేళ గడుపుకొందురు. 2001లో ఫాక్స్‌లోని ఫ్యామిలీ గై అను ధారావాహిక గురువారము రాత్రి ఫ్రెండ్స్, సర్వైవర్‌ల కెదురుగా నిలుపబడి మరుసటి యేట ఆగిపోయినది అట్లే. తమకు లాభమా యనగా, అదియు లేదు: పునఃప్రసారములు, డీవీడీలు దాని విలువను చాటగా, ఆపివేసిన ఫాక్సే 2005 మే 1వ తేదీన దానిని మరల తెచ్చుకొనవలసి వచ్చెను. 2004లో ఉత్తమ హాస్యధారావాహికగా ఎమ్మీ బహుమానము పొందిన అరెస్టెడ్ డెవలప్‌మెంట్ చివరి నాలుగు ఎపిసోడ్లను 2006 ఫిబ్రవరి 10వ తేదీన ఒక్క రాత్రియే, ఎన్.బి.సి.లో టురిన్ శీతకాల ఒలింపిక్సు ప్రారంభోత్సవము జరుగుచుండగా, ఒక్కుమ్మడిగా వదలిరి. ఇదియును వ్యాపారమే యందురేమో, కాదనను. ఆపివేయు హక్కు వారిది. ఆపుటకు కారణము మనమేయని చెప్పు హక్కు మాత్రము వారికి లేదు.

మన తెలుగు చానళ్ళు ఈ విద్యను త్వరగానే నేర్చినవి. రాత్రి ప్రైమ్‌టైమ్‌లో నడుచుచున్న సీరియల్‌కు టీఆర్పీ కొంత తగ్గగానే, దాని స్థానము క్రొత్తదాని కిచ్చి, పాతదానిని మధ్యాహ్నమునకు నెట్టుదురు. రాత్రి భోజనవేళ ఇంటిల్లిపాది కలసి చూచుచుండిన కథ ఆవేళ ఎవరికి అందును? ఉద్యోగిని కార్యాలయమున నుండును, పిల్లలు బడిలో నుందురు, పల్లెలో కూలికి పోయినది చేనిలో నుండును. మిగిలినవారు కొందరు చూతురు. టీఆర్పీ మరికొంత తగ్గును. అది ముందే తెలిసిన సంగతి. అటుపిమ్మట రచయితకు పిలుపువచ్చును: కథ రెండు వారములలో ముగింపుమని. ఎన్నడో తప్పిపోయిన కూతురు అకస్మాత్తుగా దొరకును, ప్రతినాయిక ఒక్క రోజులో మనసు మార్చుకొనును, పెండ్లి జరుగును, శుభము కార్డు పడును. వేళ మారినదని తెలుపు వార్త తెర అడుగున ఒక పంక్తిగా పరుగెత్తిపోవును. జనులకు విసుగుపుట్టినందుననే ఆపితిమను మాట మాత్రము ఇంటర్వ్యూలలో తీరికగా చెప్పబడును. ఇకమీదట ఆ మాట చెప్పువారు, సీరియల్ ఏయే గంటలకు ఎన్నిమారులు జరుపబడెనో, క్రికెట్టు కొరకు ఎన్ని సాయంకాలములు ఎగురగొట్టబడెనో ఆ పట్టికను కూడ టీఆర్పీ లెక్క ప్రక్కన ప్రకటింపుదురుగాక. అటుపిమ్మట మా విసుగును గూర్చి మాట్లాడుదము.